కిటికీ ఆవిడ

చిప్పలు విప్పేవాళ్లు పని చేస్తున్నంతసేపూ చేతుల వంక చూసుకోరు. ఎవరైనా చూసుకున్నారంటే చెయ్యి తెగిందని అర్థం, పక్కవాళ్లు కట్టుగుడ్డ కోసం లేస్తారు. రేలీన్ కొత్త పెళ్లికూతురుగా గానెట్ పాయింట్ షెడ్డులో చేరింది, ఇప్పుడు మోకాళ్లు అరిగిపోయాయి. ఎడమ చేతిలో స్కాలప్ అనే సముద్రపు చిప్ప, కుడి చేతిలో పొట్టి కత్తి. కత్తి లోపలి అంచు వెంబడి ఒకసారి జారితే పైచిప్ప ఊడి బెల్టు మీద పడుతుంది. ఇంకోసారి తిప్పితే నల్లటి పేగు పోతుంది. మూడోసారికి తెల్లటి కండా, దాన్ని చుట్టుకుని ఉన్న నారింజరంగు గుడ్డుసంచీ బకెట్లో ఉంటాయి. ఇంతసేపూ ఆవిడ కళ్లు ఎదుటి కిటికీ మీదే. ఆ కిటికీలోంచి చూడ్డానికి ఏమీ లేదు. రేవూ, నాలుగు పడవలూ, పేగుల కోసం కొట్టుకు చచ్చే సీగల్ పక్షులూ. కళ్లని ఎక్కడో ఒకచోట పెట్టాలి కాబట్టి అక్కడ పెడతారు, షెడ్డులో అందరూ అంతే.

ఇది మా ఊళ్లో పసిపిల్లలకి కూడా తెలుసు. పోయిన చలికాలం సిడ్నీ నుంచి సీరియల్ తియ్యడానికి వచ్చినవాళ్లకే తెలీదు. వెనకాల పని చేస్తూ కనిపించే ఆడవాళ్ల మీద కెమెరా తిప్పుకుంటూ వచ్చిన డైరెక్టరు రేలీన్ దగ్గర ఆగిపోయాడు. "ఈవిడ ఏదో చూస్తోంది" అన్నాడు. ఆ చూపు ప్రతి భాగంలోనూ ఒక్కసారి వచ్చేటట్టు పెట్టాడు. ఇప్పుడు ప్రతి ఆదివారం సాయంత్రం "పన్నెండో పడవ" వస్తోంది. వలలో ఒక అమ్మాయి శవం దొరుకుతుంది, చంపిందెవరన్నది కథ. జనం మాత్రం చచ్చిన పిల్లని ఎప్పుడో వదిలేసి రేలీన్ వెంట పడ్డారు. ఆ పాత్రకి పేరు లేదు గనక చూసేవాళ్లే కిటికీ ఆవిడ అని పెట్టుకున్నారు.

"ఇది వినండే" అంది ఫే, బుధవారం పొద్దున్న స్మోకోలో. టీ తాగడానికి ఇచ్చే ఆ కాస్త విరామంలో ఫే టీ తాగదు, ఫోను చదువుతుంది. "పెర్త్ నుంచి ఎవడో రాశాడు. 'గుండెలో తడి ఉన్న మనిషి చేతుల వంక చూడకుండా కత్తి తిప్పలేదు. చంపింది ఆవిడే.' దాని కింద ఇంకొకామె. 'కాదు, ఆవిడ చూసింది. హత్య ఆ కిటికీలోంచే కనిపించింది. ఆఖరి భాగంలో నోరు విప్పకపోతే నేను టీవీ బద్దలుకొడతాను.'"

"అయితే మనమందరం హంతకులమే" అంది ఒకామె. బల్ల చుట్టూ నవ్వులు.

ఫే మోచేత్తో రేలీన్‌ని పొడిచింది. "ఎవర్ని చంపావే? మాకన్నా చెప్పు."

"చెప్పకూడదు. సంతకం పెట్టించుకున్నారు."

"అబ్బో, సంతకం. అడుగడుగునా సస్పెన్సు మహాతల్లికి."

రేలీన్ నవ్వుని టీ కప్పులో దాచుకుంది. నిజానికి హంతకుడెవరో ఆమెకీ తెలీదు. తెలిసింది ఒక్కటే. షూటింగు చివరి రోజు కోసమని డైరెక్టరు ఆమెకి అనడానికి ఒక మాట ముందే ఇచ్చాడు. పోలీసు వచ్చి ఎదురుగా నిలబడితే, కత్తి ఆపకుండా, కిటికీ మీంచి చూపు తిప్పకుండా అనాలి. "నేను చూశాను. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు." నాలుగుసార్లు తీశారు. షెడ్డులో ఊరివాళ్లెవర్నీ ఉంచలేదు. నాలుగోసారి అయ్యాక లైట్లు పట్టుకున్నవాడు కూడా కళ్లు తుడుచుకున్నాడు. ఆ మాట ఇంతవరకూ టీవీలో రాలేదు. మిగిలింది ఇక ఒక్క ఆదివారమే.

ఆమెని ఈ బల్ల దగ్గరికి మళ్లీ చేర్చింది ఆ కిటికీయే. ఈ చలికాలం మొదట్లో టాలియా అనే పిల్ల వేళ్లు బెల్టు చివర, ఆ కిటికీ కిందే ఉన్న రోలరులో పడి నలిగిపోయాయి. రోలరు మీద ఇనప మూత ఉండాలి. ఆవేళ లేదు. మూత ఆ పిల్లే తీసిందని షెడ్డువాళ్లు చెప్పారు. మర్నాడు ఇదే బల్ల దగ్గర రేలీన్ అంది, "ఆ పిల్లెందుకు తీస్తుంది, చిప్పలు ఇరుక్కున్నాయని ట్రెంట్ తీశాడు, తీసి గోడకి ఆనించాడు, నేను చూశాను." ట్రెంట్ షెడ్డు ఫోర్‌మన్. షెడ్డు అతని తల్లిది. ఆ మాట అన్న దగ్గర్నుంచి రేలీన్ వచ్చి కూర్చుంటే బల్ల ఖాళీ అయ్యేది. ఎవరూ తిట్టలేదు, కప్పులు పట్టుకుని లేచి గుమ్మంలోకి పోయేవాళ్లు, అంతే. టాలియా పచ్చ ఏప్రన్ ఇంకా మేకుకే వేలాడుతోంది, దాని వంక కూడా ఎవరూ చూడరు. సీరియల్ మూడోవారానికి ఫే వచ్చి పక్కన కూర్చుంది. ఐదోవారానికి బల్ల నిండింది. మనుషులింత చవగ్గా తిరిగొస్తారని రేలీన్ అనుకోలేదు. అయినా ఆమెకి సంతోషంగా ఉంది, ఆ సంతోషానికి సిగ్గుగానూ ఉంది.

డెల్మా బ్రాక్ లోపలికి వచ్చింది. షెడ్డూ ఆమెదే, పచ్చిక మీద బంతులాట ఆడే బౌల్స్ క్లబ్బుకి అధ్యక్షురాలూ ఆమే. చేతిలో కొబ్బరి తురుము అద్దిన లామింగ్టన్ కేకుల పళ్లెం. అందరికీ పంచి, చివరి ముక్క తన చేత్తో రేలీన్‌కి పెట్టింది. తర్వాత చేతిసంచి తెరిచి మడత పెట్టిన చీటీ పైకెత్తి చూపించింది.

క్లబ్బులో బారు చూసుకునే నెవ్, పోయిన ఆదివారం సీరియల్లోని అనుమానితుల పేర్లన్నీ, డాక్టరూ, చచ్చిన పిల్ల బాబాయీ దగ్గర్నుంచి, చీటీల మీద రాసి ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలో వేశాడు. హంతకుడి చీటీ ఎవరి దగ్గరుంటే బహుమతిగా పెట్టిన మాంసం ట్రే వాళ్లది. సగం మంది గొడవ చేస్తే కిటికీ ఆవిడ పేరు కూడా రాయాల్సొచ్చింది.

"చూశావా బంగారం, నిన్ను నా సంచిలో వేసుకుని తిరుగుతున్నాను" అంది డెల్మా. "నెవ్ డాక్టరు చీటీ ఇస్తాను మార్చుకోమన్నాడు. పోరా అన్నాను."

అందరూ నవ్వారు. డెల్మా వంగి, రేలీన్ భుజం మీద పడ్డ కొబ్బరి తురుము దులిపింది.

"ఆదివారం నా పక్క కుర్చీ నీదే. టీవీకి ఎదురుగా. నీ గ్లాసు సంగతి నువ్వు చూసుకోనక్కర్లేదు." దులుపుతూనే గొంతు తగ్గించింది. "శుక్రవారం హోబార్ట్ నుంచి ప్రమాదాల ఇన్‌స్పెక్టరొకాయన వస్తాడు, ఆ రోలరు సంగతి నిన్ను ఏవో అడుగుతాడు. చూసింది చెప్పు. చూసుంటేనే సుమా. అంత పనిలో ఎవరికి ఏం కనపడుతుందిలే. ట్రెంట్‌కి చిన్నపిల్లలు, నీకు తెలీనిదేముంది."

"ఊఁ" అంది రేలీన్. నోట్లో కేకు ఉంది.

మా క్లబ్బులో ఒక బల్ల దగ్గర కూర్చున్నవాళ్లు వంతులవారీగా లేచి అందరికీ బీరు తెస్తారు. దాన్నే రౌండు అంటాం. మనిషిని వెలివెయ్యాలంటే నోరు పారేసుకోనక్కర్లేదు, రౌండులో ఆ గ్లాసు తప్పిస్తే చాలు. రేలీన్ చలికాలం సగం తన గ్లాసు తనే తెచ్చుకుని, డార్ట్ బోర్డు కింద ఒంటరిగా తాగింది. ఆ బోర్డు కింద కూర్చుంటే ఆడేవాళ్లు "కాస్త తప్పుకో" అంటారు. అదొక్కటే ఆ రోజుల్లో ఆమెతో ఎవరైనా అన్న మాట.

*

గురువారం సాయంత్రం రేలీన్ పెరటి మెట్టు మీద కూర్చుని కత్తి నూరుతుంటే టాలియా వచ్చింది. చేతిలో రెండు కమలాపళ్లు. కుడి చేతికి బొటనవేలూ చిటికెనవేలూ మిగిలాయి. మధ్యలో చర్మం ఇంకా గులాబిరంగులో నిగనిగలాడుతోంది.

"మా నాన్న ఇచ్చాడు. ఒకటి నీకు."

టాలియా రెండో పండు మోకాళ్ల మధ్య పెట్టుకుని ఎడమ బొటనవేలితో తొక్క గీకింది. జారింది. మళ్లీ పెట్టుకుంది. ఆఖరికి నోటితో కొరికి తొక్క ఊసింది. రేలీన్ ఒలిచిపెడతానని అనబోయి ఆగింది. ఇదివరకొకసారి అంటే ఆ పిల్ల మొహం ఎలా మారిందో ఆమెకి గుర్తుంది.

"రేపు నీ దగ్గరికొస్తాడంట కదా?"

"స్మోకో తర్వాత."

"మూత నేనే తీశానని తేలిస్తే నాకు పరిహారమేమీ రాదంట. మా లాయరమ్మ చెప్పింది. ఇంకేమీ సాక్ష్యం లేదు, నువ్వే అంది." టాలియా తొన నోట్లో వేసుకుంది. "మంగళవారం విచారణకి నాన్న ట్రక్కులో నిన్ను ఎక్కించుకుంటా. హోబార్ట్‌లో చేపల కూర కూరిన పై రొట్టె తిందాం. అక్కడ రేవు పక్కన బాగుంటుంది."

"నువ్వు నడుపుతావా?"

"ఒంటి చేత్తో. భయపడకు, ఇప్పటికి ఒక పోస్టుడబ్బానే గుద్దాను."

రేలీన్ నవ్వింది. రాయి మీద నీళ్లు చల్లి కత్తి తిప్పి పెట్టింది. ఈ పిల్లకి కత్తి పట్టడం నేర్పింది తనే. వచ్చిన కొత్తలో టాలియా చేతుల వంకే చూసేది, రేలీన్ గడ్డం పట్టుకుని మొహం కిటికీ వైపు తిప్పేది. "చేతులకి తెలుసు, నువ్వు పోయి వాటిని కంగారుపెట్టకు" అనేది.

"ఆదివారం వస్తుంది కదా, నీ మాట?" అంది టాలియా. ఆ సంగతి తెలిసింది ఆ పిల్లొక్కదానికే. పోయిన చలికాలం బల్ల అవతల పోలీసులా నడుం మీద చేతులు పెట్టుకు నిలబడి, ఆ మాట ఆమెకి వంద తడవలు వల్లె వేయించింది.

"ఇంకెక్కడ వస్తుంది, అదే ఆఖరు కదా."

"అను ఒకసారి."

"పో."

"అనవే."

రేలీన్ పెరటి కంచె వంక చూస్తూ, కత్తి రాయి మీద జరుపుతూ అంది. "నేను చూశాను. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు."

టాలియా చేతులు రుద్దుకుంది. "నాకిప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. దేశమంతా ఏడుస్తుంది చూడు."

పిల్ల వెళ్లిపోయాక రేలీన్ చాలాసేపు మెట్టు మీదే ఉంది. ఒక పక్క ట్రక్కులో హోబార్ట్. ఇంకో పక్క టీవీకి ఎదురుగా కుర్చీ. రెండూ ఎందుకు దొరకవని ఆమెకి కోపమొచ్చింది, ఆ కోపం తిన్నగా పోయి టాలియా మీదే పడింది. ఊరికే వచ్చి కమలాపండు పెట్టి పోతుంది, తర్వాత ఈ ఊళ్లో బతకాల్సింది ఎవరు? పండు ఒలవకుండానే గడపలో వదిలేసి లోపలికి పోయింది.

*

హోబార్ట్ నుంచి వచ్చినాయన మర్యాదస్తుడు. స్మోకో బల్ల మీద చిన్న రికార్డరు పెట్టుకుని, చేపల వాసనకి ముక్కు ముడుచుకోకుండా ఉండడానికి తంటాలు పడుతున్నాడు. షెడ్డులోకి తలుపు తెరిచే ఉంది. మూస్తానని ఆయన లేస్తే, "తడికి బిగుసుకుపోతుందండీ, మళ్లీ తెరుచుకోదు" అన్నాడు ట్రెంట్. అని, గుమ్మానికి అవతల గొట్టంతో నేల కడుగుతూ ఉండిపోయాడు.

"మీరు టాలియాకి ఎదురుగా పనిచేసేవారు కదా?"

"అవునండీ."

"ఆ రోజు రోలరు మూత ఎవరైనా తియ్యడం మీరు చూశారా?"

ట్రెంట్ నీళ్లు కట్టేశాడు. లోపల కత్తుల చప్పుడు, పడుతున్న చిప్పల చప్పుడు మిగిలింది.

రేలీన్‌కి ఆ క్షణంలో తోచిన ఆలోచన చిత్రమైనది. ఎలాగూ ఆదివారం చెబుతాను కదా అనుకుంది. దేశం మొత్తం ముందర, నేను చూశాను అని చెబుతాను. అన్ని లక్షలమంది వింటారు. ఈ బల్ల దగ్గర ఈ ఒక్క మనిషికి చెప్పకపోతే ఏం మునిగింది? ఆ రెండిటికీ సంబంధం లేదని ఆమెకి తెలుసు. తెలిసే, గట్టిగా ఆ ఆలోచననే పట్టుకుంది.

"లేదండీ" అంది. "నేను నా చేతుల వంక చూస్తున్నాను. కత్తి పని కదా."

"అవునవును" అన్నాడాయన జాలిగా. "కాస్త చూపు తప్పితే ప్రమాదమే కదా."

"అవునండీ."

షెడ్డులో ఒక కత్తి ఆగింది. అది ఫేది. ఆ మాట విన్న ఆడవాళ్లలో అది అబద్ధమని తెలియనిది ఒక్కతీ లేదు. రెండు రోజుల కిందటే ఆ చూపు గురించి నవ్వుకున్నవాళ్లు వాళ్లు. ఎవరూ నవ్వలేదు, ఎవరూ లేచి రాలేదు. కాసేపటికి ఫే కత్తి మళ్లీ మొదలైంది. ట్రెంట్ గొట్టం తిప్పాడు, నీళ్లు వచ్చాయి.

*

ఆదివారం క్లబ్బు కిక్కిరిసింది. బౌల్స్ ఆడే పచ్చిక మీద మంచు కురుస్తోంది, లోపల హీటర్ల దగ్గర తడికోట్ల ఆవిరి. బారు మీద మాంసం ట్రే పెట్టాడు నెవ్, సాసేజీలు, గొర్రె చాపులు, పెద్ద రోస్టు ముక్క, పైన ప్లాస్టిక్ కాగితం. పోయేవాడూ వచ్చేవాడూ దాన్ని వేలితో నొక్కి చూస్తున్నారు.

రేలీన్ నీలం చొక్కా ఇస్త్రీ చేసుకుని వేసుకుంది. డెల్మా పక్క కుర్చీ నిజంగానే ఖాళీగా ఉంది. కూర్చునేసరికి ముందు గ్లాసు పెట్టారు. అది సగమయ్యేలోపల ఇంకొకటి వచ్చింది. మూడో రౌండు ట్రెంట్‌ది. అతను వంగి గ్లాసు పెడుతూ "చియర్స్ రేలీన్" అన్నాడు, శుక్రవారం గురించి అంతకన్నా ఏమీ అనలేదు.

"ముందే చెప్తున్నాను" అన్నాడు నెవ్, గ్లాసులు తుడుస్తూ. "ఆవిడ హంతకురాలు కాదు, సాక్షి. ఆవిడ చెబితే డాక్టరు దొరుకుతాడు. ట్రే నాది."

"నీ మొహం. చచ్చిన పిల్ల ఆవిడ కూతురు. చిన్నప్పుడు ఎవరికో ఇచ్చేసింది. అందుకే ఆ చూపు" అంది ఇంకొకామె.

"నా దగ్గర బాబాయి చీటీ ఉంది" అంది ఫే విసుగ్గా. "బాబాయి అని రెండోవారమే అందరికీ తెలిసిపోయింది, అంత తేలిగ్గా ఎవడూ పెట్టడు. ఈ చీటీ ఎవరికైనా కావాలా?"

ఎవరికీ అక్కర్లేకపోయింది. డెల్మా రేలీన్ మోకాలి మీద చెయ్యి వేసింది. "చెప్పేస్తావు కదూ ఇవాళ?"

"చూడండి" అంది రేలీన్. ఆ ఒక్క మాటకి బల్లంతా ఊళపెట్టింది. ఆమె చెవులు వేడెక్కాయి. ఇన్నేళ్లలో తన నోటి నుంచి ఏం వస్తుందోనని ఇంతమంది ఎదురుచూడ్డం ఆమె ఎరగదు.

సీరియల్ మొదలైంది. పోలీసు సార్జెంటు రేవు వెంట నడిచాడు. డాక్టరు కారు తుడుచుకున్నాడు. సగమయ్యాక షెడ్డు కనిపించింది, క్లబ్బంతా "ష్" అంది. బెల్టు, చిప్పలు, ఒక జత చేతులు, పొట్టి కత్తి. రేలీన్ గ్లాసు కింద పెట్టి ముందుకు వంగింది. చేతులు మూడు చిప్పలు విప్పాయి. మొహం రాలేదు. తర్వాత పడవలో నెత్తురు మరక దొరికింది, బాబాయి ఏడ్చాడు, సముద్రం చూపించారు, పాట వచ్చింది, పేర్లు పడ్డాయి.

కాసేపు ఎవరికీ అర్థం కాలేదు.

"అయిపోయిందా?" అన్నారెవరో.

"బాబాయా? రెండోవారం నుంచీ తెలిసిన బాబాయేనా?"

"అయితే ఇన్ని వారాలూ ఆ కిటికీలోంచి ఈవిడ ఏం చూసినట్టు?"

"సీగల్స్‌ని."

నవ్వు బారు దాకా పాకింది. ఫే పరుగున పోయి ట్రే ఎత్తుకుంది. నెవ్ టీవీని తువ్వాలుతో కొట్టి కట్టేశాడు. ఫోనులు వెలిగాయి, దేశంలో మిగతావాళ్లు కూడా మోసపోయామని రాస్తున్నారు. కిటికీ ఆవిడని ఊరికే పెట్టి ఊరించారు, డబ్బు దండగ, మనిషి దండగ, అని ఒకడు గట్టిగా చదివాడు.

"అందులో నాకూ ఒక మాట ఉంది" అంది రేలీన్.

ఎవరూ వినలేదు. ఆమె లేచి నిలబడింది. "అనమని నాకు మాట ఇచ్చారు. నాలుగుసార్లు తీశారు. కోసేశారు వాళ్లు."

"ఏం మాట?" అంది డెల్మా.

కుర్చీలన్నీ తిరిగాయి. రేలీన్‌కి ఎటు చూడాలో తెలీలేదు. నల్లగా ఆరిపోయిన టీవీ వంక చూస్తూ అనేసింది.

"నేను చూశాను. అడిగితే చెప్పేదాన్ని. ఎవరూ అడగలేదు."

షెడ్డు ఆడవాళ్లు గ్లాసుల్లోకి చూశారు. ట్రెంట్ ఒక్కడే కుర్చీ వెనక్కి వాల్చి, ఎంతో తీరిగ్గా, దాదాపు ప్రేమగా అన్నాడు.

"శుక్రవారం అడిగారు కదా రేలీన్. చేతుల వంక చూస్తున్నానన్నావు."

ముందు నెవ్ నవ్వాడు. తర్వాత బల్ల నవ్వింది. తర్వాత ఏం జరిగిందో తెలియని అవతలి బల్లలు కూడా, నవ్వుతున్నారు కదాని నవ్వాయి. డెల్మా నవ్వలేదు. సంచిలోంచి చీటీ తీసి, ఉండ చుట్టి, రేలీన్ ఖాళీ గ్లాసులో వేసింది. కోటు తీసుకుని హీటరు దగ్గరి బల్లకి మారింది. ఒక్కొక్కరే తమ గ్లాసులు పట్టుకుని అటు పోయారు. నాలుగో రౌండు అక్కడికే వెళ్లింది. శుక్రవారం కావలసింది వాళ్లకి శుక్రవారమే అందింది, ఆదివారం కావలసింది అందలేదు. ఇక ఆ కుర్చీలో ఆమెని ఎవరు భరిస్తారు?

రేలీన్ కూర్చుంది. లేచి పోదామంటే గుమ్మం దాకా హీటరు బల్ల పక్కనుంచే నడవాలి. ఆరిపోయిన టీవీలో ఆమె నీలం చొక్కా కనిపిస్తోంది.

గుమ్మం తలుపు తెరుచుకుని చలిగాలి వచ్చింది. టాలియా. వేళ్లు పోయాక ఆ పిల్ల క్లబ్బులో అడుగు పెట్టడం ఇదే. ఎవరి వంకా చూడకుండా తిన్నగా బారు దగ్గరికి పోయింది. నెవ్ రెండు గ్లాసులు నింపి, ఆమె ఎలా పట్టుకుంటుందో చూద్దామన్నట్టు చేతులు కట్టుకున్నాడు. టాలియా ఎడమ చేత్తో ఒకటి పట్టుకుంది. రెండోదాన్ని కుడి చేతి బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య ఇరికించి, పొట్టకి ఆనించుకుని, చిన్న చిన్న అడుగులతో గదంతా దాటింది. కాస్త ఒలికింది. తెచ్చి రేలీన్ ముందు పెట్టింది.

"నా రౌండు" అంది.

రేలీన్ బల్ల మీద ఒలికిన బీరుని అరచేత్తో తుడిచింది.

"ఇంట్లో చూశాను. పందులు. నీ మాట కోసేశారు కదూ? నువ్విక్కడ ఈ మంద మధ్యలో ఎలా ఉన్నావోనని పరిగెత్తుకొచ్చాను." టాలియా కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. ఖాళీ గ్లాసులోని చీటీ ఉండ తీసి నేల మీద పారేసింది. "పోతే పోనీ. ఉత్తుత్తి కథ అది. మంగళవారం చెప్పు. అక్కడ నిజంగా అడుగుతారు."

హీటరు బల్ల దగ్గర ఎవరో దగ్గారు. ట్రెంట్ చూస్తున్నాడు. ఫే మాంసం ట్రే ఒళ్లో పెట్టుకుని, ప్లాస్టిక్ కాగితం అంచు సరిచేసుకుంటోంది. శుక్రవారం సంగతి ఈ పిల్లకి ఒక్కరు చెప్పినా అయిపోయేది, కానీ టాలియాతో మా ఊళ్లో ఎవరూ మాట్లాడరు.

"మా లాయరమ్మ కూడా చూస్తుందంట ఈ సీరియల్" అంది టాలియా. బీరు నురగ పెదవి మీద అంటుకుంది. "ఫోను చేసి ఏమందో తెలుసా? నీ సాక్షి గురించి నాకు బెంగలేదు, పని చేసేటప్పుడు ఆవిడ చేతుల వంక చూసుకోదని దేశం దేశమంతా చూసింది కదా, అంది. కరెక్టే కదా?"

రేలీన్ గ్లాసు అందుకోబోయి ఆగింది. రెండు చేతులూ బల్ల మీద వెల్లకిలా పెట్టి, వాటి వంక చూస్తూ ఉండిపోయింది.

టాలియా గబుక్కున ముందుకు వంగి, ఉన్న రెండు వేళ్లతో ఆమె మణికట్టు పట్టుకుంది.

"ఏంటి, తెగిందా?" అంది.